‘సైట్ ఉంది’, ‘సైట్ పోయింది’ – ఇలా అనడం తప్పా?

షోళింగనల్లూరు షిఫ్ట్:

మా టీమ్‌లో నెల్లూరు కుర్రాడొకడు ఈమధ్య లేసిక్, అదే కంటికి లేజర్ ఆపరేషన్, చేయించుకున్నాడు. ఆపరేషన్ బాగానే జరిగింది. సెలవులో ఉండగానే లండన్‌లో ఉన్న క్లయింట్ మేనేజర్‌కి మెయిల్ కొట్టాడు: ‘మై సైట్ ఈజ్ గాన్. వెరీ హ్యాపీ. జాయినింగ్ ఫ్రమ్ మండే.’ ఆ పెద్దమనిషి హడలిపోయి నాకు ఫోన్ చేశాడు. చూపు పోతే సంతోషమేంటి, సోమవారం పనిలోకి రావడమేంటి, ఇంట్లో ఎవరైనా చూసుకుంటున్నారా అని ఒకటే ప్రశ్నలు. పోయింది చూపు కాదు మహాప్రభో, కళ్ళద్దాలు అని నమ్మించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

సాయంత్రం క్యాంటీన్‌లో దీనిమీదే రచ్చ. తమిళ ఫ్రెండ్స్ ‘పవర్’ అంటారు కాబట్టి వాళ్ళు హాయిగా నవ్వుకున్నారు. తెలుగువాళ్ళం మాత్రం రెండు పార్టీలుగా చీలిపోయాం. నాది ఒకటే మాట. సైట్ అంటే చూపు. ‘నాకు అయిదో క్లాసులో సైట్ వచ్చింది’ అంటే అప్పటిదాకా గుడ్డివాడినని అర్థం. ఈ వాడుక మానేయాలి. మీరేమంటారు?

ఇంగ్లిష్ మాస్టారు (రిటైర్డ్):

నూటికి నూరుపాళ్ళు మానేయాలి. టి.నగర్‌లో పిల్లలకి ఇంగ్లిష్ చెప్పినన్నాళ్ళూ ఈ ‘సైట్’తో వేగలేక చచ్చాను. ‘షి హ్యాజ్ సైట్, సో షి కెనాట్ సీ ద బోర్డ్’ అని రాసే పిల్లలకి ఏం మార్కులు వేయాలి చెప్పండి? ‘షార్ట్ సైట్’లో సగం ఊడగొట్టి, మిగిలిన ‘సైట్’కి జబ్బు అంటగట్టాం. ఇంగ్లిష్‌లో కావాలంటే ‘షార్ట్ సైటెడ్’ అనాలి. అమెరికా వాళ్ళు ‘నియర్ సైటెడ్’ అంటారు. ‘మై ఐసైట్ ఈజ్ వీక్’ అన్నా చాలు. 

ఇంకో సంగతి. 1999లో చంద్రబాబుగారు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి ‘విజన్ 2020’ పత్రం తెచ్చిన ఏడాదే ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా నివారించదగ్గ అంధత్వం మీద ‘విజన్ 2020: ద రైట్ టు సైట్’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. మన తెలుగు లెక్కన చూస్తే అది ప్రతి మనిషికీ సోడాబుడ్డి కళ్ళద్దాల హక్కు!

వేపేరి వేణువు:

మాస్టారూ, నవ్వించారు గానీ ఒప్పుకోను. ‘ఆయనకి బీపీ ఉంది’ అంటాం. బీపీ లేనివాడెవడండీ? రక్తపోటు లేకపోతే మనిషే లేడు. ‘అమ్మకి షుగర్ ఉంది’ అంటాం. అందరి నెత్తుట్లోనూ చక్కెర ఉంటుంది. అక్కడ ‘ఎక్కువ’ అనే మాట మింగేసినా అందరికీ అర్థమవుతోంది. ‘సైట్ ఉంది’ కూడా అదే అచ్చులో పోసింది. ఆమాటకొస్తే ఇంగ్లిష్ వాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? జ్వరమొస్తే ‘షి హ్యాజ్ ఎ టెంపరేచర్’ అంటారు. టెంపరేచర్ టేబుల్‌కీ ఉంటుంది.

ఆ కుర్రాడి తప్పు తెలుగులో ‘సైట్’ అనడం కాదు. తెలుగు ‘సైట్’ని ఇంగ్లిష్ మెయిల్లో పెట్టడం. అది ఇప్పుడు తెలుగు మాట. దాని అర్థం లండన్‌లో తేలదు.

ఇంగ్లిష్ మాస్టారు (రిటైర్డ్):

బీపీ పోలిక బావుంది, కానీ నిలవదు నాయనా. ‘బీపీ ఉంది’ అన్న మాటని ఇంగ్లిష్‌వాడు విన్నా కాస్త తికమకపడతాడు గానీ తలకిందులుగా అర్థం చేసుకోడు. ‘సైట్ పోయింది’ అంటే మనకి శుభవార్త, వాడికి చావుకబురు. రెండోది, ‘షార్ట్ సైట్’ అంటే ఏమిటో మనవాళ్ళలో పదిమందిని అడగండి. సగం మంది తిరగేసి చెబుతారు.

టి.నగర్ టైమ్‌పాస్:

మీకింకా ఒకటే సైట్! మా అన్నయ్య బెంగళూరులో ఉంటాడు. ‘సైట్ వచ్చిందిరా’ అని వాడు ఫోన్ చేస్తే మా నాన్న ‘అయ్యో, ఏ కంటికి?’ అన్నాడు. అక్కడ సైట్ అంటే ఇంటిస్థలం. ఇక మెరీనాలో సాయంత్రం ‘సైట్’ అంటే ఏంటో నేను చెప్పనక్కర్లేదు. కళ్ళజోడు ఉన్నవాడూ కొడతాడు, లేనివాడూ కొడతాడు.

కళ్ళజోడు కౌంటర్:

పురసవాక్కంలో కళ్ళజోళ్ళ షాపులో ఆప్టోమెట్రిస్టుగా పనిచేస్తున్నాను. మాస్టారుగారు చివర్లో అన్న మాట నాకు రోజూ ఎదురయ్యేదే, అందుకే రాస్తున్నా.

నలభై అయిదేళ్ళాయన వస్తారు. ‘అమ్మా, నాకు షార్ట్ సైట్ వచ్చింది’ అంటారు. దూరం చార్టు చూపిస్తే కింది లైను దాకా గడగడా చదివేస్తారు. సరేనని చేతికి చదివే కార్డు ఇస్తా. మెల్లగా చెయ్యి ముందుకు చాపుతారు, మెడ వెనక్కి పోతుంది, ఆఖరికి ‘లైటు సరిగ్గా లేదమ్మా’ అంటారు. ట్రయల్ ఫ్రేమ్‌లో ప్లస్ 1.50 వేయగానే ముఖం విచ్చుకుంటుంది. ఆయనకున్నది చత్వారం. కంటిలోపలి కటకం వయసుతో బిరుసెక్కి, దగ్గరి వస్తువుకి తగ్గట్టు ఉబ్బలేకపోవడం. ఆయన లెక్కలో షార్ట్ అంటే ‘దగ్గర లోపం’. అసలు అర్థంలో షార్ట్ సైట్ అంటే చూపు దగ్గరివరకే ఆగిపోవడం. అంటే దూరం ఆనదు. మైనస్ 2 ఉన్నవాళ్ళకి అద్దాలు లేకుండా అర మీటరు దాకానే స్పష్టంగా కనిపిస్తుంది, మైనస్ 3 అయితే దాదాపు 33 సెంటీమీటర్లు. అదీ ‘షార్ట్’.

వేణుగారు అన్నట్టు ‘సైట్’ అంటే లోపం అని ఖాయం చేసుకున్నాక ‘షార్ట్ సైట్’ అంటే ‘దగ్గరి లోపం’ అనుకోవడం సహజమే కదా. గొడవంతా అక్కడే మొదలైందని నా అనుమానం. తమిళంలో ఇబ్బంది తక్కువ. మైనస్‌ని ‘కిట్టప్పార్వై’ అంటారు, దగ్గరి చూపు అని. కనిపించేదాన్నే పేరుగా పెట్టుకున్నారు. నలభై దాటాక వచ్చేదానికి ‘వెళ్ళెళుత్తు’ అని విడిగా మాట ఉంది. మనకీ చత్వారం ఉంది, బడి పుస్తకాల్లో హ్రస్వదృష్టి, దీర్ఘదృష్టి కూడా ఉన్నాయి. షాపుకొచ్చి ‘హ్రస్వదృష్టి’ అన్నవాళ్ళు మాత్రం ఇప్పటిదాకా తగల్లేదు.

నేనైతే సైట్ అన్నా, పవర్ అన్నా పట్టించుకోను. ‘దూరం ఆనట్లేదా, దగ్గర ఆనట్లేదా?’ అని అడుగుతా. మా అమ్మమ్మ మాట అది, ‘కళ్ళు ఆనడం లేదు’ అనేది. దానికి ఎవరూ తప్పు జవాబు చెప్పరు.

వేపేరి వేణువు:

కౌంటర్ మేడమ్, మీరు ఎవరి పార్టీ?

కళ్ళజోడు కౌంటర్:

చీటీ పార్టీ. మైనస్సా, ప్లస్సా రాసుంటే చాలు. ఒక్క విషయం, చీటీలో ‘యాడ్’ అని విడిగా ఉండే అంకె చత్వారానిది. దూరం పవర్ మీద దాన్ని కలుపుకోవాలి. అది వదిలేసి ఆన్‌లైన్‌లో పై అంకె మాత్రమే కొట్టి అద్దాలు తెప్పించుకుని, ‘చదువుతుంటే తలనొప్పి’ అని వచ్చేవాళ్ళు ఎక్కువైపోయారు.

షోళింగనల్లూరుగారూ, మీ కుర్రాడికి ఇదీ చెప్పండి. లేసిక్ చేసేది కంటి ముందుండే కార్నియా మీద. చత్వారం వచ్చేది లోపలి కటకానికి. కాబట్టి నలభై దాటాక చదవడానికి అద్దాలు మళ్ళీ పడొచ్చు. ‘సైట్ మళ్ళీ వచ్చింది, ఆపరేషన్ ఫెయిల్’ అని అప్పుడు ఇంకో మెయిల్ కొట్టకుండా ఉంటాడు.

పెరంబూరు పట్టాలు:

అక్కా, ఒక డౌట్. అసిస్టెంట్ లోకో పైలట్‌కి ప్రిపేర్ అవుతున్నా. మెడికల్‌లో ఎ-1 కేటగిరీ, అద్దాలు లేకుండా 6/6 ఉండాలి. నాకు 6/6 ఉందని టెస్టులో తేలింది. అంటే ‘సైట్ లేదు’ అన్నట్టే కదా? ఫాగింగ్ టెస్ట్ అంటే భయపెడుతున్నారు, టెన్షన్‌గా ఉంది.

కళ్ళజోడు కౌంటర్:

తమ్ముడూ, 6/6 అంటే మామూలు కంటికి ఆరు మీటర్ల దగ్గర ఆనే అక్షరం నీకూ ఆరు మీటర్ల దగ్గర ఆనిందని. అంతే. 1862లో స్నెల్లెన్ అనే డచ్ డాక్టర్ తయారుచేసిన చార్టు నుంచి వచ్చిన కొలత అది. అమెరికా వాళ్ళ 20/20 కూడా ఇదే, వాళ్ళు అడుగుల్లో లెక్కపెడతారు. వయసులో ఉన్నప్పుడు కొంచెం ప్లస్, అంటే దీర్ఘదృష్టి, ఉన్నా కన్ను బలవంతంగా సర్దుకుని 6/6 చదివేస్తుంది. ఆ దాగిన ప్లస్‌ని పట్టుకోవడానికే ఫాగింగ్. కంటి ముందు ప్లస్ 2 అద్దం పెడతారు. ప్లస్ లేని కంటికి దూరం అక్షరాలు అలుక్కుపోవాలి. అలుక్కుపోకుండా ఇంకా చదివేస్తుంటే లోపల ప్లస్ ఉందన్నమాట. కాబట్టి అక్కడ మసకగా కనిపిస్తే కంగారుపడి ఊహించి చదవకు. మసక అంటే మసక అని చెప్పు.

షోళింగనల్లూరు షిఫ్ట్:

ఈ ముక్క ఒక్కటి చాలు నా వాదనకి. 6/6 ఉన్నవాడికీ ప్లస్ ఉండొచ్చు, 6/6 లేనివాడు పుస్తకం హాయిగా చదవొచ్చు. వీటన్నిటికీ కలిపి ‘సైట్’ అని ఒక్క గుడ్డి మాట వాడితే ఎలా?

వేపేరి వేణువు:

వాడితే వాడాం. డ్రైవింగ్ లైసెన్స్‌కి మనం సంతకం పెట్టే ఫారం చూడండి. సైట్ ఉందా లేదా అని అడగదు. పగటి వెలుగులో 25 మీటర్ల దూరంలో ఉన్న కారు నంబర్ ప్లేటు గుర్తుపట్టగలవా అంటుంది. కచ్చితత్వం కావాల్సినచోట అలా అడుగుతారు. ఇంట్లో ‘పిల్లకి సైట్ వచ్చినట్టుంది, టీవీకి అతుక్కుపోయి చూస్తోంది’ అంటే అందులో అర్థంకానిది ఏముంది?

అన్నానగర్ అమ్మాజీ:

మీ చర్చ మధ్యలో నా సంతోషం ఒకటి. మా మామగారికి డెబ్బై రెండేళ్ళు. ఇరవై ఏళ్ళుగా కళ్ళజోడు లేనిదే పేపర్ పట్టేవారు కాదు. ఈమధ్య అది తీసి పక్కన పడేసి, జిల్లా ఎడిషన్‌లో చిన్న అక్షరాలు కూడా చదివేస్తున్నారు. రోజూ తాగే క్యారెట్ రసం వల్ల సైట్ పోయిందని ఆయన వాదన. అపార్ట్‌మెంట్‌లో సగం మందికి క్యారెట్లు పట్టించారు. ఇది ఏ పార్టీ కిందికి వస్తుందో చెప్పండి.

కళ్ళజోడు కౌంటర్:

అమ్మాజీగారూ, ఒక ప్రశ్న. ఆయనకి దూరం ఎలా ఉంది? టీవీలో కింద పోయే స్క్రోలింగ్, బస్సు నంబర్లు? రాత్రిపూట ఎదురొచ్చే బండ్ల లైట్లు చెదిరినట్టు కనిపిస్తున్నాయంటున్నారా?

అన్నానగర్ అమ్మాజీ:

మీరు అడిగాక గుర్తొచ్చింది. టీవీ మసగ్గా ఉంది, కేబుల్ వాడిని పిలవమని రెండు వారాలుగా గోల. మాకు బాగానే కనిపిస్తోంది. రాత్రి నడకకి కూడా వెళ్ళడం మానేశారు, లైట్లు కళ్ళల్లో కొడుతున్నాయని.

కళ్ళజోడు కౌంటర్:

అయితే క్యారెట్ల వల్ల కాకపోవచ్చు. కంటి డాక్టర్‌కి చూపించండి. శుక్లం మొదలయ్యేటప్పుడు కొందరిలో కటకం నడిభాగం గట్టిపడి, దాని శక్తి పెరిగి, కన్ను మైనస్ వైపు జరుగుతుంది. దాంతో దూరం తగ్గుతుంది, దగ్గర మాత్రం అద్దాలు లేకుండానే ఆనుతుంది. కొన్నాళ్ళ ముచ్చటే. శుక్లం ముదిరితే అదీ పోతుంది. భయపడే పనిలేదు, ఆపరేషన్‌తో కుదురుకునేదే. కానీ ఎప్పుడు, ఏంటన్నది డాక్టర్ చూసి చెప్పాలి. షుగర్ ఉన్నవాళ్ళకి షుగర్ పెరిగినా పవర్ ఇలా జరగొచ్చు, అదీ చూపించండి. ఇంగ్లిష్‌లో దీన్ని ‘సెకండ్ సైట్’ అంటారు.

వేపేరి వేణువు:

మాస్టారూ, విన్నారా! కంట్లో శుక్లం పెరగడాన్ని మీ ఇంగ్లిష్ వాళ్ళు ‘రెండో చూపు’ అంటున్నారు. పైగా అదే ‘సెకండ్ సైట్’ అంటే వాళ్ళకి జరగబోయేది ముందే కనిపించడం కూడా, మన సోదెమ్మలాగా. లోపాన్ని సైట్ అనే పాపం మన ఒక్కళ్ళదేనా?

ఇంగ్లిష్ మాస్టారు (రిటైర్డ్):

అక్కడ పేరు తిరిగొచ్చిన చూపుకి పెట్టారు గానీ శుక్లానికి కాదు. చదవలేనాయన మళ్ళీ చదువుతున్నాడు కాబట్టి రెండో చూపు. నా మాట చెక్కుచెదరలేదు. అయినా అమ్మాజీగారూ, ఈ వితండవాదం తర్వాత చూసుకుందాం, ముందు ఆయన్ని తీసుకెళ్ళండి. ఎగ్మూరు ప్రభుత్వ కంటి ఆస్పత్రి 1819 నుంచీ ఉంది, మా నాన్నగారికి శుక్లం తీసింది అక్కడే. 

షోళింగనల్లూరు బాబూ, మీ వాడికి ఈ వాక్యం ఇవ్వు: ‘ఐ హ్యాడ్ లేజర్ సర్జరీ టు కరెక్ట్ మై ఐసైట్, అండ్ ఐ నో లాంగర్ నీడ్ గ్లాసెస్.’ సైట్ పక్కన ‘గాన్’ అనే మాట జన్మలో పెట్టొద్దను.

అన్నానగర్ అమ్మాజీ:

గురువారం తీసుకెళ్తున్నాం. క్యారెట్ రసం మానను అనే షరతు మీద ఒప్పుకున్నారు. పాత చీటీలు మాత్రం ఒక్కటీ దొరకలేదు. పర్వాలేదా?

కళ్ళజోడు కౌంటర్:

పర్వాలేదు. ఆయన పక్కన పడేసిన కళ్ళజోడు పట్టుకెళ్ళండి. లెన్సోమీటర్‌లో పెడితే పాత పవర్ ఎంతో తెలిసిపోతుంది, ఎంత జరిగిందో దాన్నిబట్టి చూస్తారు. కంటిపాప పెద్దది కావడానికి చుక్కలు వేస్తే కొన్ని గంటలు మసగ్గా ఉంటుంది. ఒంటరిగా పంపొద్దు, ఎండకి నల్లద్దాలు పెట్టి పంపండి.