ఇంటి పునాదికి ముగ్గు పోయకముందే ఏమేం తేల్చుకోవాలి?

అందరికీ నమస్కారం. గుంటూరు దగ్గర మా ఊళ్లో 5 సెంట్ల స్థలం ఉంది, అంటే 242 గజాలు. మాఘమాసంలో శంకుస్థాపన అనుకుంటున్నాం. ఇంకా నాలుగు నెలల టైముంది కాబట్టి ఇప్పుడే అన్నీ పక్కాగా ఆలోచించుకోవాలని నా తాపత్రయం.

మా అన్నయ్య ఇల్లు కట్టినప్పుడు శ్లాబు పడ్డాక మెట్లు అటు కాదు ఇటు అన్నారు. కట్టిన గోడ పగలగొట్టారు. చివరికి డబ్బులు చాలక ఏడాది పాటు ప్లాస్టరింగ్ లేకుండానే ఉన్నారు. వదిన కళ్లనీళ్లు పెట్టుకోవడం చూశాను, అది మాకు రాకూడదు.

అసలు టెన్షన్ నేల గురించే. మాది నల్లరేగడి. ఎండాకాలం నెర్రెల్లో అరచెయ్యి దూరిపోతుంది, వానపడితే నేల ఉబ్బుతుంది. పక్కింటి ప్రహరీ అలాగే బీటలిచ్చింది. మేస్త్రీగారేమో మామూలు పునాది చాలంటున్నారు. నాకు నమ్మకం కుదరడం లేదు.

మట్టి పరీక్ష ప్లాన్ గీయించకముందే చేయించాలా? బోరు ముందే వేయిస్తే క్యూరింగ్‌కి, అంటే గోడలు, శ్లాబు తడపడానికి, నీళ్లకు ఇబ్బంది ఉండదు కదా? లేబర్ కాంట్రాక్టు మేలా, మెటీరియల్‌తో కలిపి ఇవ్వడం మేలా? రేగడి నేలలో కట్టుకున్నవాళ్లు మొదట్లో ఏం చేశారో దయచేసి చెప్పండి.