డ్యాన్సర్ ఇన్ ది డార్క్ (2000): ఎలా చూడాలి?

గోదారిగాలి:
ఈ ఆదివారం పెట్టుకుంటున్నా. 2 గంటల 20 నిమిషాలట. కెమెరా ఊగుడికి తలనొప్పి వస్తుందా? మొదట్లో వచ్చే ఉత్త సంగీతం దాటేయొచ్చా? పాటలకి కూడా సబ్‌టైటిల్స్ ఉన్న ప్రింటు ఏది? దయచేసి కథ చెప్పకండి.

పల్లవిచరణం:
దాటేయొద్దు! మూడు నిమిషాల పైన డెన్మార్క్ చిత్రకారుడు పెర్ కిర్కెబీ పెయింటింగులు ఒకదాంట్లో ఒకటి కరిగిపోతుంటాయి, మనిషన్నవాడు కనబడడు. హీరోయిన్ సెల్మాకి (గాయని బ్యోర్క్ వేసింది) చూపు మందగిస్తోంది కదా, డైరెక్టర్ లార్స్ ఫాన్ ట్రయర్ మనకీ అప్పట్నుంచే వినడం అలవాటు చేస్తున్నాడు. లైట్లు తీసేసి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. ఆ ఇత్తడి వాద్యాల స్వరమే ఆఖర్న పేర్లు పడేటప్పుడు మాటలతో తిరిగొస్తుంది.

కత్తెర:
తలనొప్పి గ్యారంటీ. మాటల సీన్లన్నీ చేతి కెమెరా, చాలావరకు ఫాన్ ట్రయరే పట్టుకున్నాడు. తెరకి కాస్త ఎడంగా కూచోండి. టీవీలో మోషన్ స్మూతింగ్ (కదలికని నున్నగా చేసే సెట్టింగు) తీసెయ్యండి, లేకపోతే సీరియల్ చూస్తున్నట్టుంటుంది. షార్ప్‌నెస్ కూడా తగ్గించండి. తీసింది డిజిటల్ వీడియో మీద, పెంచితే మొహాల చుట్టూ తెల్లగీతలు తేల్తాయి. పాటల్లో మాత్రం రంగు చిక్కబడుతుంది, కెమెరాలు కదలవు. వంద పెట్టాడు మరి.

మాస్‌బెంచీ:
ఆ వంద కెమెరాలు ఉత్త సోకు. విన్సెంట్ పాటర్సన్ లాంటి డ్యాన్స్ మాస్టర్ని పెట్టుకుని, కాలు ఎత్తడం ఒక షాట్లో, దించడం ఇంకో షాట్లో. మన పాత మాస్టర్లయితే ట్రాలీ వేసి తల నుంచి పాదం దాకా చూపించేవాళ్ళు.

కత్తెర:
ఎందుకు పెట్టాడో తెలుసుకుని తిట్టండి సార్. పాటని ముక్కలుగా తీసి అతికించకుండా, జరుగుతున్నదాన్ని జరుగుతున్నట్టు ఒక్క ఊపులో పట్టాలన్నది ఆలోచన. చిక్కెక్కడంటే, కెమెరా కదలదు కాబట్టి మనిషి ఫ్రేము దాటగానే ఆ షాట్ పని అయిపోయింది. ఇంకోదానికి కోసుకోవాల్సిందే. రైలు పాటలో అందుకే అన్ని కోతలు.

మాస్‌బెంచీ:
అంటే నేనన్నదే కదా.

విశ్వచిత్రం:
డాగ్మా 95 సినిమా అండీ ఇది, అంటే ఫాన్ ట్రయర్ వాళ్ళు 1995లో పెట్టుకున్న సినిమా నియమాలు. వాటి ప్రకారం అలాగే తియ్యాలి.

ఫిల్మ్‌క్లబ్బు_పెద్ద:
కాదు. ఆ పది నియమాలు కంఠతా వచ్చినవాడిగా చెబుతున్నా. కథ ఇప్పుడు, ఇక్కడ జరగాలి. ఇది 1964 నాటి అమెరికా, తీసిందేమో స్వీడన్లో. దృశ్యంతోపాటు పుట్టని సంగీతం వాడకూడదు. దర్శకుడి పేరు వెయ్యకూడదు. హత్యలు, ఆయుధాలు అసలే కుదరవు. డాగ్మా కింద ఆయన తీసింది 1998 నాటి ది ఇడియట్స్.

గోదారిగాలి:
ఆయుధం ఉందని చెప్పేశారుగా! కథ వద్దని మొదటి వరసలోనే మొత్తుకున్నా.

ఫిల్మ్‌క్లబ్బు_పెద్ద:
పాతికేళ్ళ సినిమాకి ఇంకా దాపరికమేమిటండీ.

ఓరుగల్లోడు:
పెద్దన్నా, గింత గర్వమెందుకే. గోదారిగాలీ, ఒక్క ముచ్చట. ముందుగాల ఈ సినిమా పాటల ఆల్బం వినకు. రైలు పాట ఆల్బంల రేడియోహెడ్ బ్యాండు గాయకుడు థామ్ యార్క్ పాడిండు, సినిమాల జెఫ్ వేషమేసిన పీటర్ స్టోర్మేర్. ఆల్బం చెవిల వెట్టుకుని సినిమాకు పోతే స్టోర్మేర్ గొంతు గరుకుగ తాకుతది. గా గరుకే కావాలె, ఆ జెఫ్ పాటగాడు కాదు.

పల్లవిచరణం:
చూసినవాళ్ళ కోసం మాత్రమే (గోదారిగాలి గారూ, దీన్ని దాటేయండి): తాళం ఎక్కడ పుడుతోందో పట్టుకోండి. ఫ్యాక్టరీలో ప్రెస్సు మిషన్ల దడదడ, తర్వాత పట్టాల మీద రైలు. ఆ తర్వాత, రికార్డు అయిపోయినా ముల్లు లేవక ఒక్కచోటే తిరిగే చిర్రుచిర్రు. కోర్టులో బొమ్మ గీసేవాడి పెన్సిలు. మొదట చప్పుడు, దాని మీద తాళం, ఆ పైన ఆమె గొంతు. జైలు గదిలో ఏ చప్పుడూ లేదు, అందుకే గాలిగొట్టానికి చెవి ఆనించి ప్రార్థన పాట వెతుక్కుంటుంది. 107 అడుగులు లెక్కపెడుతూ నడిచే పాటకి తాళం పక్కనున్న కాపలా మనిషి అడుగులే. ఆఖరి పాటకి అదీ లేదు.

మాస్‌బెంచీ:
పాటలు ఒప్పుకుంటా. కానీ నోరు విప్పి ఒక్క ముక్క చెబితే బయటపడే సెల్మా, ఇచ్చిన మాట కోసం చెప్పదు. ఇది మన ఒట్టు సెంటిమెంటే కదా? మనవాళ్ళు తీస్తే ఏడుపుగొట్టు, డెన్మార్క్ వాడు తీస్తే కాన్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి పామ్ ద్’ఓర్!

విశ్వచిత్రం:
బ్యోర్క్‌కి ఉత్తమ నటి కూడా అక్కడే వచ్చింది. ఆస్కార్లో మాత్రం రైలు పాట బాబ్ డిలాన్ పాట ముందు ఓడింది. జనానికి గుర్తున్నది ఆవిడ వేసుకొచ్చిన హంస గౌను ఒక్కటే.

ఓరుగల్లోడు:
ఒట్టు ముచ్చట నిజమే మాస్ భాయ్. గని మన సినిమాల ఆఖర్న ఎవడో ఒకడు ఉరుకొచ్చి నిజం జెప్తడు, అందరు కండ్లు తుడుసుకుంటరు. ఈడ ఎవ్వడు రాడు. పైసలేమో కొడుకు కండ్ల ఆపరేషన్‌కు వోతయి, ఆమెకు గదే చాలు.

గోదారిగాలి:
కొడుకు ఆపరేషనా? అదీ చెప్పేశారా! సరే, సబ్‌టైటిల్స్ సంగతి ఎవరైనా చెబుతారా?

ఫిల్మ్‌క్లబ్బు_పెద్ద:
ఇందులో ఉన్న కేథరిన్ డెనోవే హీరోయిన్ కాబట్టి ముందు 1964 నాటి ది అంబ్రెల్లాస్ ఆఫ్ షెర్‌బూర్గ్ చూసి రండి. మాటకి మాట పాటే. మామూలు మాట ఒక్కటి లేదు.

మాస్‌బెంచీ:
ఆ సినిమాకి వంద కెమెరాలు అక్కర్లేకపోయింది.