సముద్రం ఒడ్డున పది రోజులు ఏమీ చేయకుండా గడిపితే ట్రిప్పు దండగేనా?

ఇసుకచెప్పులు:
అందరికీ నమస్తే. వచ్చే నెల మేం ఐదుగురం (మేమిద్దరం, పదకొండేళ్ల అమ్మాయి, ఆరేళ్ల బాబు, మా అత్తగారు) విదేశంలో ఒక చిన్న సముద్రతీరపు ఊళ్లో పది రోజులు ఇల్లు అద్దెకు తీసుకుని ఉండబోతున్నాం. బీచ్ ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరమే. ఇక్కడే మాకు పేచీ వచ్చింది. మా ఆయన అప్పుడే రోజుకో ఊరు చొప్పున ఎక్సెల్ షీట్ కట్టేశారు, కోటలు, మ్యూజియాలు, బోటు షికార్లు, పొద్దున్నే ఏడింటికల్లా బయల్దేరడాలు. "అంత దూరం పోయి పడుకునేదానికి ఇంట్లోనే పడుకోవచ్చుగా" అంటారు. పోయినసారి ఇలాగే తిరిగాం, ఇంటికొచ్చి ఫొటోలు చూసుకుంటే ఏ గోడ ఏ ఊరిదో ఇద్దరికీ గుర్తు రాలేదు. ఈసారి నాకు బీచ్ తప్ప ఏమీ వద్దు. కానీ పిల్లలు రెండో రోజుకే బోర్ అంటే మా ఆయన ముందు నా పరువేం కాను? అలా ఉండి వచ్చినవాళ్లెవరైనా అసలు రోజెలా గడుస్తుందో చెప్పండి.

ఆటుపోటు:
రెండో రోజు కచ్చితంగా బోర్ అంటారండి, మా వాళ్లూ అన్నారు. పట్టించుకోకండి, మూడో రోజుకి వాళ్లే గుంటలు తవ్వుకుంటూ కనిపిస్తారు, అన్నానికి పిలిచినా రారు.

మీ వారి ఎక్సెల్ షీట్ మాత్రం పారేయకండి. ఊళ్లు తీసేసి ఆటుపోట్ల టైములు నింపమనండి. నిజంగానే చెబుతున్నా. చాలా తీరాల్లో రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు వస్తాయి, ఆ టైము మర్నాటికి దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఇవాళ పదింటికి నీళ్లు బాగా వెనక్కి పోయాయంటే రేపు పదకొండు కావొస్తుంటే పోతాయి. రాళ్లున్న బీచ్ అయితే అదే పిల్లల పండగ, రాళ్ల మధ్య మిగిలిన నీటి గుంటల్లో పీతలు, నత్తలు, వేలెడంత చేపలు. మా పెద్దది ఒకే గుంట దగ్గర గంటన్నర కదలకుండా కూర్చుంది, ఇంట్లో అది పది నిమిషాలు కూర్చోదు. చూసి మళ్లీ నీళ్లలోనే వదిలేయమని చెప్పండి. పోటు తిరగ్గానే వెనక్కి వచ్చేయాలి, రాళ్ల అవతలి మలుపు దాకా వెళ్లి ఇరుక్కుపోయేవాళ్లు ఉంటారు. అమావాస్యకి, పౌర్ణమికి పోటు ఇంకా ఎక్కువ. మీరు వెళ్లేది మధ్యధరా సముద్రమైతే ఇదంతా మర్చిపోండి, అక్కడ చాలాచోట్ల తేడా మీకు తెలియనే తెలియదు. అదే ఫ్రాన్స్‌లో మాంట్ సెయింట్ మిషెల్ దగ్గర నీటిమట్టంలో తేడా 14 మీటర్ల దాకా ఉంటుంది. కాబట్టి ముందు మీ తీరం ఎలాంటిదో కనుక్కోండి.

నీడపట్టు:
పదకొండు నుంచి మూడు దాకా ఇంట్లో కర్టెన్లు వేసుకుని పడుకోండి, ఇదే నా ప్లాను మొత్తం. మీ నీడ మీకంటే పొట్టిగా ఉందంటే ఎండ గట్టిగా ఉన్నట్టు, ఫోన్ చూడక్కర్లేదు. గొడుగు కింద ఉన్నాంలే అనుకోకండి, పొడి ఇసుక యూవీ కిరణాల్లో దాదాపు 15 శాతం, అలల నురగ 25 శాతం దాకా మీ మీదికే తిప్పి కొడతాయి. నేను ఒళ్లంతా సన్‌స్క్రీన్ రాసుకుని పాదాల మీద మర్చిపోయా. మూడు రోజులు చెప్పు వేసుకోలేకపోయా. రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చాక ఇంకోసారి రాయాలి. కొనేముందు అక్కడి రూల్స్ చూడండి, పగడపు దిబ్బలకి హాని అని హవాయిలో 2021 నుంచి ఆక్సిబెంజోన్ అనే రసాయనం ఉన్న సన్‌స్క్రీన్లని అమ్మనివ్వట్లేదు.

వంటింటికి_సెలవు:
అద్దె ఇల్లు అన్నారు, అందులో వంటిల్లు ఉంటుంది. ఆ వంటింట్లో ఎవరుంటారో అది కూడా ఎక్సెల్ షీట్‌లో రాయించండి. మా ఇంట్లో అందరూ పది రోజులు హాయిగా బద్ధకించారు, నేను పది రోజులు టిఫిన్లు చేశా, ఇసుక తువ్వాళ్లు దులిపా.

ఒడ్డుకాపలా:
పై అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్ట్. నేను అసలు బద్ధకం మనిషిని కాదు, మూడు రోజులకోసారైనా ఎటైనా పోవాలి నాకు, అది మీ వారికి కూడా ఒప్పుకోండి పాపం.

ఒక్కటి మాత్రం చెప్పాలి. బీచ్‌లో మనం కునుకు తీసేది పిల్లలు నీళ్లలో లేనప్పుడే. ఎరుపు పసుపు రెండు రంగుల జెండాల మధ్య లైఫ్‌గార్డులు చూస్తుంటారు, అక్కడే దిగండి, మొత్తం ఎర్ర జెండా అయితే దిగొద్దు. అలలు విరుగుతున్న రెండు చోట్ల మధ్య నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తే, పిల్లల్ని అక్కడ దింపుదాం అనిపిస్తుంది చూశారా, చాలాసార్లు లోపలికి లాగే ప్రవాహం అక్కడే ఉంటుంది. నడుం లోతులో నన్నే లాగింది ఒకసారి. ఒడ్డుకేసి ఈదిన కొద్దీ ఒడ్డు దూరమైంది. ఎదురీదకూడదు, తేలుతూ చెయ్యెత్తి పిలవాలి, ఈత వస్తే ఒడ్డు వెంబడి పక్కకి ఈది ఆ లాగుడులోంచి బయటపడి అప్పుడు రావాలి. నేను పక్కకి ఈదాలని గుర్తొచ్చి బతికా. మా ఆవిడకి ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు.

ఇసుకచెప్పులు:
అందరికీ థాంక్సండి. ఆటుపోట్ల సంగతి చెప్పగానే మా ఆయన ల్యాప్‌టాప్ తీసి కూర్చున్నారు, ఇప్పుడు షీట్‌లో చంద్రుడికి ఒక కాలమ్, టిఫిన్ ఎవరు చేస్తారో ఇంకో కాలమ్. మూడు రోజులు ఆయన పేరే పడింది! రెండు ఊళ్లు మాత్రం వదల్లేదు, సరే అన్నా. మా అత్తగారిది ఒక ప్రశ్న, కింద ఇసుకలో కూర్చుంటే లేవలేరు, మామూలు ప్లాస్టిక్ కుర్చీ పనికొస్తుందా?

ఆటుపోటు:
పొడి ఇసుకలో కాళ్లు దిగబడి ఒక పక్కకి ఒరిగిపోతుందండి. కాస్త కిందికి, తడిసి గట్టిపడిన ఇసుక మీద వేయండి. ఆవిడ కునుకు తీసేలోపు ఆ షీట్ ఒకసారి చూసుకోండి మరి, పోటు టైమేమో.