అప్‌డేట్: బీ-కేటగిరీ సీఎస్‌ఈయా, కన్వీనర్ కోటా ఈసీఈయా? తేలింది

తమ్ముడికి ఒక కాలేజీలో మేనేజ్‌మెంట్ కోటాలో (అదే బీ-కేటగిరీ) సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) కొనాలా, ఎప్‌సెట్ ర్యాంకుకు కన్వీనర్ కోటాలో మరో కాలేజీలో వచ్చిన ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) చాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. ఈసీఈలో చేర్చాం. సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్.

తేల్చింది ఎన్‌ఐఆర్‌ఎఫ్ (కేంద్రం ఇచ్చే కాలేజీ ర్యాంకింగ్) ఫైలు చూడమన్న సలహానే. ఆ ర్యాంకింగ్‌కు దరఖాస్తు చేసిన కాలేజీలు తామిచ్చిన వివరాల పీడీఎఫ్‌ను సొంత వెబ్‌సైటులో పెడతాయి. అందులో నాలుగేళ్ల యూజీ టేబుల్ తెరిచి గడువులోగా పాసైనవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లు, మీడియన్ జీతం (అందరి జీతాలూ వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చేది) చూడండి. ఉద్యోగం వచ్చినవాళ్లలోనూ సగంమంది జీతం మీడియన్‌కు మించదు. మేం పోల్చిన ఆ రెండు కాలేజీల మీడియన్‌లో తేడా స్వల్పం, ఫీజులో తేడా లక్షల్లో. అయితే ఆ టేబుల్‌లో బ్రాంచీలన్నీ కలిసే ఉంటాయి. అందుకే బ్రాంచివారీ లెక్క ప్లేస్‌మెంట్ సెల్‌ను విడిగా అడగాలి. ఇవ్వకపోతే ఆ మౌనాన్నీ లెక్కలో వేసుకోండి.

లోన్ సంగతి బ్యాంకు మేనేజరు స్పష్టం చేశారు: రసీదు ఉన్న ఫీజుకే అప్పు. డొనేషన్‌కు రసీదు రాదు, పైగా 1983 నాటి క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం ప్రకారం అది నిషేధం. చదువుకునే కాలంలోనూ వడ్డీ పడుతూనే ఉంటుంది, వీలైతే అప్పుడే కట్టేయడం మేలు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ సీట్లకే, బీ-కేటగిరీకి లేదు.

హైయెస్ట్ ప్యాకేజీ, క్యాంపస్ హంగులు ఎందుకూ పనికిరాలేదు. న్యాక్ (కాలేజీల నాణ్యతను మదింపు చేసే సంస్థ) గ్రేడు కాలేజీ మొత్తానికి ఇచ్చేది. బ్రాంచి గురించి తెలియాలంటే కోర్సులకు విడివిడిగా ఇచ్చే ఎన్‌బీఏ గుర్తింపు, దాని గడువు చూడాలి.