14 నెలలకే లా ఫర్మ్ మానేయొచ్చా? బాండు, ప్రాక్టీసు లెక్కల గురించి

అనంతపురం_జూనియర్:
అక్కలకు, అన్నలకు నమస్కారం. బెంగళూరులో ఒక లా ఫర్మ్‌లో 14 నెలలుగా అసోసియేట్‌ని. ఎన్‌రోల్‌మెంట్ ఏపీ బార్ కౌన్సిల్లో, ప్రాక్టీసుకు రాయాల్సిన బార్ పరీక్ష ఏఐబీఈ కూడా పాసయ్యాను. పొద్దున్నుంచి రాత్రి వరకు భూముల టైటిల్ (హక్కు ఎవరిదో తేల్చే) రిపోర్టులే: ఈసీలు (రిజిస్టరైన లావాదేవీల పత్రాలు), ఆర్‌టీసీలు (కర్ణాటక పహాణీలు), పాత దస్తావేజులు. కోర్టుకు వెళ్లింది నాలుగుసార్లు, అదీ వాయిదా తీసుకోవడానికి. ఆదివారం సాయంత్రమైతే గుండె బరువెక్కుతోంది. రెండేళ్లలోపు మానేస్తే లక్షన్నర కట్టాలని ఒప్పందంలో ఉంది, నోటీసు 60 రోజులు. సివిల్ జడ్జి పరీక్ష రాయాలని ఆశ. ఇప్పుడే మానేయనా, ఇంకో 10 నెలలు ఓర్చుకోనా?

మేయోహాల్_వకీలు:
అమ్మా, ముందు నీకొచ్చేది జీతమో ఫీజో తేల్చుకో. ఆదాయపు పన్ను పోర్టల్లో 26ఏఎస్ (నీ పేరున పట్టిన పన్నుల పట్టిక) తెరువు. వృత్తి ఫీజు కింద 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) పడుతూ పీఎఫ్ లేకపోతే నువ్వు రిటైనర్ మీద, అంటే ఉద్యోగిగా కాక ఫీజుకు పనిచేసే వకీలుగా, ఉన్నట్టు. జీతం కింద పన్ను పట్టి పీఎఫ్ కడుతుంటే బార్ కౌన్సిల్ 49వ నియమం అడ్డొస్తుంది. పూర్తికాలం జీతానికి పనిచేసేవాళ్లు ప్రాక్టీసు చేయకూడదు, చేరిన సంగతి బార్ కౌన్సిల్‌కి తెలపాలి కూడా.

ఇదెందుకంటే, 2025 మే 20న సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు 3 ఏళ్ల ప్రాక్టీసు ఉండాలంది. లెక్క ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ (ఏఐబీఈకి ముందు బార్ కౌన్సిల్ ఇచ్చే తాత్కాలిక నమోదు) తేదీ నుంచి. 10 ఏళ్ల అనుభవమున్న న్యాయవాది సర్టిఫికెట్ ఇస్తే దాన్ని అక్కడి కోర్టు ప్రధాన న్యాయాధికారి ధ్రువీకరించాలి. నోటిఫికేషన్ వచ్చినప్పుడు అందులోని షరతులు ప్రతి మాటా చదువుకో. కోర్టు కేసుల వివరాలు చూపే ఈకోర్ట్స్ యాప్‌లో నీ బార్ నంబరు కొట్టి చూడు, ఎన్ని కేసుల్లో నీ పేరుంది?

ఒప్పందాల_మనిషి:
ఆ లక్షన్నర షరతు, అంటే బాండు, చెల్లదని ఎవరైనా ధీమాగా చెబితే నమ్మకండి. వృత్తి చేసుకోకుండా ఆపే ఒప్పందాలు చెల్లవనే కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముఖ్యంగా పనికొచ్చేది, మానేశాక ఫలానా చోట చేరకూడదనే షరతుల మీద. ఉన్నంతకాలం ఇంత సేవ చేయాలి, లేదంటే ఇంత కట్టాలి అనేది వేరే సంగతి. 2025 మేలో విజయా బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు 3 ఏళ్ల సేవకు పెట్టిన 2 లక్షల బాండును సమర్థించింది. అది ప్రభుత్వరంగ బ్యాంకు, నియామకానికి పెద్ద ప్రక్రియ ఉంటుంది. మీ ఫర్మ్‌కీ అదే వాదన అంత తేలిగ్గా వర్తించదు. ఒప్పందం తప్పితే ఇచ్చే పరిహారం గురించిన 74వ సెక్షన్ ప్రకారం లక్షన్నర అనేది గరిష్ఠం మాత్రమే, కోర్టు ఇప్పించేది అందులో సమంజసమైన పరిహారం. మీ శిక్షణకు వాళ్లు నిజంగా ఖర్చుపెట్టారా? లేకపోతే బేరమాడే బలం మీదే. బకాయిలేమీ లేవని రాతపూర్వకంగా తీసుకోకుండా ఆఖరి నెల డబ్బు వదులుకోకండి.

అనంతపురం_జూనియర్:
చూశానండీ. వృత్తి ఫీజే, పీఎఫ్ లేదు. యాప్‌లో మాత్రం నా పేరు ఒక్క కేసులోనూ రాలేదు.

మేయోహాల్_వకీలు:
అదే అసలు నష్టం. రిటైనర్ కాబట్టి నియమం అడ్డు లేదు, కానీ చూపించుకోవడానికి కాగితం లేదు. ఈ వారమే ఫర్మ్ పార్ట్‌నర్‌ని స్పష్టంగా అడుగు: కోర్టు కేసులు చూసే లిటిగేషన్ టీంలోకి మార్చండి, కొత్త వకాల్తాల్లో (క్లయింటు వకీలుకిచ్చే అధికార పత్రాల్లో) నా పేరు చేర్చండి అని. ఆరు వారాలు చూడు. అప్పటికి ఒక్క వకాల్తాలో కూడా నీ పేరు పడకపోతే ఆ 10 నెలలు ఓర్చుకోవడంలో అర్థం లేదు. ఆర్డర్ షీట్‌లో (కోర్టు రోజువారీ నమోదులో) నీ హాజరు పడిన ప్రతి తేదీ కాపీ దాచుకో.

కెంగేరి_అక్క:
చెల్లీ, టైటిల్ పనిని తక్కువగా చూడకు. ముప్పై ఏళ్ల ఈసీ చదివి హక్కు చేతులు మారిన వరసలో తెగిన లంకెను పట్టగలిగినవాళ్లు భాగపంపకం దావాల్లో సీనియర్లకు బాగా పనికొస్తారు. కన్నడ చదవడం ఇప్పటికే వచ్చుంటుంది. తలకట్టు, క, త, శ లాంటి కొన్ని అక్షరాలు పోగా మిగతావి మన తెలుగు అక్షరాలకు దగ్గరే. ఇక కన్నడలో రాయడం, క్రాస్ ఎగ్జామినేషన్‌లో సాక్షుల్ని అడగడం నేర్చుకో. కర్ణాటక సివిల్ జడ్జి మెయిన్స్‌లో అనువాదం పేపరు కూడా ఉంటుంది.

డబ్బు లెక్క మాత్రం గట్టిగా వేసుకో. పట్టణాల్లో జూనియర్లకు కనీసం నెలకు 20,000 ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో చెప్పింది, అది సిఫార్సే. ఏదైనా సీనియర్ వకీలు చాంబర్‌లో (ఆఫీసులో) చేరే మాట ఖాయం కాకుండా రాజీనామా పెట్టకు, ఆరు నెలల అద్దె, తిండి ఖర్చు చేతిలో ఉంచుకో. రిటర్ను వేస్తే పట్టిన టీడీఎస్‌లో చాలావరకు వెనక్కి రావచ్చు, అదీ లెక్కలో వేసుకో.

వెళ్లేటప్పుడు ఫైలువారీగా పట్టిక ఇవ్వు: దశ, తదుపరి తేదీ, కాలపరిమితి. ఫర్మ్‌లో వాణిజ్య దావాలుంటే జవాబుదావాకు 120 రోజులు దాటితే గడువు పెంచే అధికారం కోర్టుకు కూడా ఉండదు, కేవియట్ (మాకు చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని ముందే వేసే అర్జీ) 90 రోజులకు చచ్చిపోతుంది. చేతులు మారేటప్పుడు జారిపోయేవి ఇవే. క్లయింటు కాగితాలు, డ్రాఫ్టులు సొంత మెయిల్‌కి పంపుకోకు. వాళ్ల రహస్యాలు కాపాడే బాధ్యత నువ్వు మానేశాక కూడా నీ మీద ఉంటుంది. ఏ రకం పని, అందులో నీ వంతెంత అన్నది పేర్లు లేకుండా రాసుకుంటే సరిపోతుంది.