మోరిస్కోల బహిష్కరణ, డచ్ వారితో సంధి ఒకే రోజున ఎందుకు?

స్పెయిన్ చరిత్ర బాగా తెలిసినవారు దయచేసి సాయం చేయండి. మా కళాశాల విద్యార్థులకు మూడవ ఫిలిప్ పాలన గురించి పాఠం సిద్ధం చేస్తూ ఒక తేదీ దగ్గర ఆగిపోయాను.

1609 ఏప్రిల్ 9న ఆంట్వెర్ప్‌లో డచ్ వారితో పన్నెండేళ్ల సంధి కుదిరింది. ఫిలిప్ తండ్రి కాలం నుంచి సాగిన యుద్ధాన్ని ఆపి, ప్రొటెస్టంట్ తిరుగుబాటుదారులతో దాదాపు సమాన హోదాలో ఒప్పుకోవడం స్పెయిన్‌కు తలవంపులే. సరిగ్గా అదే రోజున మోరిస్కోలను వెళ్లగొట్టే నిర్ణయంపై రాజు సంతకం చేశాడు. వీరు ముస్లింల సంతతివారు. వారి తాత ముత్తాతలకు బలవంతంగా బాప్తిస్మం ఇచ్చారు. ఈ బహిష్కరణ సెప్టెంబరులో తూర్పు స్పెయిన్‌లోని వాలెన్సియాలో మొదలై, 1614 నాటికి సుమారు 3 లక్షల మంది దేశం విడిచారు. వాలెన్సియా జనాభాలో నాలుగో వంతుకు పైగా పోయింది. వారిలోని పసిపిల్లల సంగతి చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు.

పోయిన పరువును మతనిష్ఠతో కప్పిపుచ్చుకోవడానికే ఇలా చేశారా? లేక యుద్ధం ఆగి నౌకలు, సైనికులు ఖాళీ అయినందువల్లనే ఇది సాధ్యమైందా? నాకు రెండోదే బలమైన కారణంగా తోస్తోంది, కానీ పిల్లలకు అలా చెప్పడానికి ధైర్యం చాలడం లేదు. ఇంకొకటి: రాజుకు అత్యంత ఆప్తుడైన మంత్రి, వాలెన్సియాలో సొంత భూములున్న లెర్మా డ్యూక్ తన కౌలు రైతులనే పోగొట్టుకునే పనికి ఎందుకు ఒప్పుకున్నాడు? రాజసభ చర్చల ఆధారంగా ఎవరైనా వివరించగలరా?