చిరునామా నమోదై నెల దాటింది, ఒక్క ఉత్తరమూ రావడం లేదు: దయచేసి దారి చెప్పండి

తూనీగ:
మిత్రులకు నమస్కారం. ఈ ఉదయం తొమ్మిదింటికి ఫోను పట్టుకుని కూర్చున్నవాణ్ణి మధ్యాహ్నం రెండింటికి లేచాను, అయినా పని అంగుళం కూడా కదలలేదు. మాస్టర్స్ చదవడానికి జర్మనీ వచ్చి నెలన్నర అయింది. రెండో వారంలోనే ఆన్‌మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు, పూర్తిచేసుకున్నాను, ధ్రువపత్రం నా దగ్గరే ఉంది. బ్యాంకు కార్డునూ దాని పిన్నునూ వేర్వేరు ఉత్తరాలలో పంపామని బ్యాంకువారు అంటున్నారు గాని, రెండూ రాలేదు. ట్యాక్స్ నంబరు దానంతటదే ఇంటికి వస్తుందని అందరూ చెప్పారు, అదీ రాలేదు. విశ్వవిద్యాలయం దగ్గర చిన్న ఉద్యోగం దొరికింది, కానీ ఆ నంబరు ఇవ్వకపోతే జీతంలో పన్ను ఎక్కువగా కోయవలసి వస్తుందని యజమాని హెచ్చరించాడు. వీసా కోసం ముందే డబ్బు కట్టి ఉంచిన బ్లాక్డ్ అకౌంటు నుంచి నెలనెలా విడుదలయ్యే 992 యూరోలు కార్డు లేని ఖాతాలో పడి ఉన్నాయి, నేను మాత్రం స్నేహితుల దగ్గర అప్పు చేస్తున్నాను. చిరునామాలో అక్షరం కూడా తేడా లేదని మూడుసార్లు సరిచూసుకున్నాను. లోపం బ్యాంకుదా, తపాలావారిదా, నాదా?

నత్తగుల్ల:
పోస్టుపెట్టె మీద మీ పేరు ఉన్నదా?

పాతకాపు:
తమ్ముడూ, ఆన్‌మెల్డుంగ్ అయిందన్నావు సరే, ఇంటి యజమాని ధ్రువపత్రం ఎవరిచ్చారో చెప్పలేదు. అసలు మూలం అక్కడే ఉంటుంది. 2015 నవంబరు 1న కొత్త నమోదు చట్టం అమలులోకి వచ్చినప్పటి నుంచి, ఇంట్లో దిగిన రెండు వారాలలోగా నమోదు చేయించుకోవడం మన బాధ్యత అయినట్టే, దిగినట్టు లిఖితపూర్వకంగా ధ్రువీకరించడం ఇల్లిచ్చినవారి బాధ్యత అయింది. అద్దె ఒప్పందం చూపిస్తే సరిపోతుందని చాలామంది విద్యార్థులు అనుకుంటారు, కానీ సరిపోదు. నమోదు చేయించుకోకపోతే 1,000 యూరోల వరకు జరిమానా ఉంటుంది, నివసించని మనిషికి ఉత్త చిరునామా ఇచ్చేవారికైతే 50,000 యూరోల వరకు ఉంటుంది. యజమాని పత్రం ఇవ్వనంటే ఆ సంగతిని వెంటనే నమోదు కార్యాలయానికి తెలపాలన్నది కూడా ఆ చట్టంలోనే ఉంది. ఈ చర్చల్లో నేను ఎన్నిసార్లు రాసినా కొత్తగా వచ్చేవారు చదవరు, చిక్కుల్లో పడ్డాక అడుగుతారు.

తూనీగ:
నత్తగుల్ల గారూ, పోస్టుపెట్టె ఉంది, తాళం కూడా బాగానే ఉంది. చిరునామా సరైనదేనని ముందే రాశాను కదా.
పాతకాపు గారూ, ధ్రువపత్రం సక్రమంగానే ఇచ్చారు, అది లేకపోతే నమోదే జరిగేది కాదు. నా ప్రశ్న ఉత్తరాల గురించి.

హేమంతం:
ముందుగా ఒక సవరణ. మీరు ఎదురుచూస్తున్నది ట్యాక్స్ నంబరు కాదు, ట్యాక్స్ ఐడీ. రెండూ ఒకటేనని అనుకుని మన విద్యార్థులు తప్పు కార్యాలయాల చుట్టూ తిరుగుతుంటారు. ట్యాక్స్ ఐడీ పదకొండు అంకెలది, మనిషికి ఒక్కటే, ఎన్ని ఊళ్లు మారినా మారదు. 2008 నుంచి కేంద్ర పన్నుల కార్యాలయం దానిని కేటాయిస్తోంది, చిరునామా నమోదు కాగానే ఆ సమాచారం కేంద్రానికి చేరి ఉత్తరం దానంతటదే బయలుదేరుతుంది. ట్యాక్స్ నంబరు, అంటే ఇక్కడివారు ష్టోయర్ నుమ్మర్ అనేది, స్థానిక పన్నుల కార్యాలయమైన ఫినాన్స్‌ఆమ్ట్ ఇచ్చేది. మరో కార్యాలయం పరిధిలోకి మారితే అదీ మారుతుంది. మీకు ఉద్యోగం ఇచ్చిన యజమానికి కావలసింది ట్యాక్స్ ఐడీ.

పాతకాపు:
హేమంతం గారూ, వాడుకలో అందరూ ట్యాక్స్ నంబరనే అంటారు. పిల్లవాడు దేని గురించి అడుగుతున్నాడో అర్థమైనప్పుడు పదాల దగ్గర పట్టుబట్టడం ఎందుకు?

హేమంతం:
పాతకాపు గారూ, జరిమానాల అంకెలన్నీ అంత ఖచ్చితంగా రాసిన మీరే పదాల దగ్గర ఉదారంగా ఉండమనడం విచిత్రంగా ఉంది. ఒక దరఖాస్తులో రెండింటికీ విడివిడి గళ్లు ఉంటాయి, ఒకదానిలో రెండోది రాస్తే దరఖాస్తు తిరిగివస్తుంది. ఇక జీతం విషయానికి వస్తే, ఐడీ ఆలస్యం కావడంలో ఉద్యోగి తప్పు లేనప్పుడు యజమాని మూడు నెలల వరకు మామూలు తరగతిలోనే పన్ను లెక్కించవచ్చు. వెంటనే ఎక్కువ పన్ను కోసే ఆరో తరగతిలో పడేస్తామని అంటే ఈ మాట మర్యాదగా గుర్తుచేయండి. ఒకవేళ ఎక్కువ కోసినా, మరుసటి ఏడాది పన్ను రిటర్ను వేస్తే తిరిగి వస్తుంది.

పాతకాపు:
తప్పు లేనప్పుడు అన్నారు. తప్పు ఉన్నదో లేదో మనకింకా తెలియదు.

వానకోయిల:
మీరిద్దరూ వాదించుకుంటూ ఉండగా నత్తగుల్ల గారు మొదటే వేసిన ప్రశ్న మరుగున పడింది, అడిగిన వ్యక్తికి అది అర్థమైనట్టు కూడా లేదు. కాబట్టి కొంచెం విడమరచి చెబుతాను.
తూనీగ గారూ, జర్మనీలో చాలా భవనాలలో ఫ్లాటు నంబరు అనేదే ఉండదు. వీధి పేరు, ఇంటి నంబరు, పిన్‌కోడు అయిపోగానే చిరునామా అయిపోతుంది, అదే గుమ్మంలో ఇరవై కుటుంబాలు ఉండవచ్చు. బెర్లిన్ వంటి చోట్ల ముందు భవనం, పెరటి భవనం, పక్క భవనం అన్నిటికీ ఒకే నంబరు ఉంటుంది. బట్వాడా చేసే మనిషి ఉత్తరం మీద ఉన్న పేరును పెట్టెల మీది పేర్లతో పోల్చి చూస్తాడు, ఆ పేరు ఏ పెట్టె మీదా కనబడకపోతే ఉత్తరాన్ని వెనక్కి పంపేస్తాడు. పక్కవాళ్లను అడిగి తెలుసుకోవడం, తలుపు తట్టి పిలవడం ఇక్కడ జరగదు. చిరునామా అక్షరం తేడా లేకుండా సరిపోయినా పేరు లేకపోతే ఆ చిరునామాలో మీరు లేనట్టే. నేను వచ్చిన కొత్తలో ఆరోగ్య బీమా కార్డు ఇలాగే రెండుసార్లు తిరిగివెళ్లింది, నేనూ మీలాగే చిరునామానే సరిచూసుకుంటూ కూర్చున్నాను. ఇంతకూ మీరు ఏ ఊళ్లో ఉన్నారు, గది ఎవరి పేరు మీద ఉంది?

తూనీగ:
బెర్లిన్‌లో ఉన్నాను, చెప్పడం మరిచాను. ఇది పంచుకుని ఉండే ఇల్లు. అద్దె ఒప్పందం ఇంకొకరి పేరు మీద ఉంది, ఆయన దగ్గర నేను గది తీసుకున్నాను. పెట్టె మీద ఆయన ఇంటిపేరు ఒక్కటే ఉంది. నా పేరు అంటిస్తానని మొదట్లోనే అడిగాను, ఇంటి అసలు యజమాని చూస్తే బాగుండదు, కొన్నాళ్లు ఆగమన్నారు. ఇది అంత ముఖ్యమైన విషయమని అనుకోలేదు.

నత్తగుల్ల:
మొదటి రోజే అడిగాను.

పాతకాపు:
ఇప్పుడు బయటపడింది! ఆయన యజమాని అనుమతి లేకుండానే గది ఇచ్చినట్టున్నాడు. ఇంటిలో కొంత భాగాన్ని మరొకరికి ఇచ్చుకోవడానికి సహేతుకమైన కారణం ఉంటే అనుమతి కోరే హక్కు పౌరస్మృతి 553వ సెక్షను కింద అద్దెదారుకు ఉంది, కానీ అడగకుండా ఇస్తే ఒప్పందమే రద్దయ్యే ప్రమాదం ఉంది. ఆయన భయం అదే. ఆయన ఇల్లు పోతే నీ గదీ పోతుంది గనుక, అనుమతి పత్రం చూపించమని నిర్మొహమాటంగా అడుగు.

వానకోయిల:
అది అడగవలసిందే, అయితే కార్డు పని అంతవరకు ఆగదు. బ్యాంకుకు ఇచ్చిన చిరునామాలో మీ పేరు కింద 'బై' అని రాసి, దాని పక్కన పెట్టె మీద ఉన్న ఇంటిపేరు చేర్చమనండి. ఫలానావారి వద్ద అని దాని అర్థం. అలా రాస్తే ఉత్తరం ఆ పెట్టెలో పడుతుంది. ట్యాక్స్ ఐడీ విషయంలో ఈ ఉపాయాన్ని నమ్ముకోకండి, ఎందుకంటే ఆ ఉత్తరం నమోదైన చిరునామాకే వస్తుంది. మళ్లీ పంపమని కేంద్ర కార్యాలయాన్ని ఆన్‌లైన్‌లో కోరవచ్చు గాని, వారాలు పడుతుంది, ఫోనులోనో మెయిలులోనో ఆ నంబరు చెప్పరు. 2022లో నేను పాస్‌పోర్టు, నమోదు ధ్రువపత్రం తీసుకుని మా ప్రాంతపు ఫినాన్స్‌ఆమ్ట్‌కు నేరుగా వెళితే కాగితం మీద ముద్రించి ఇచ్చారు. మీరూ అడిగి చూడండి.

హేమంతం:
అక్కడికి వెళ్లినప్పుడు ఐడీ అని స్పష్టంగా అడగండి. నంబరు అంటే వేరే ఫారం చేతిలో పెడతారు.

తూనీగ:
ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించాలి. ఆయనను ఒప్పించి చిన్న కాగితం మీద పేరు రాసి అంటించాను. ఐడీ ఫినాన్స్‌ఆమ్ట్‌లో ఇచ్చారు. కార్డు వచ్చింది, పిన్ను ఇంకా రావాలి. అందరికీ కృతజ్ఞతలు, పరీక్షలు దగ్గర పడ్డాయి.

పాతకాపు:
అనుమతి పత్రం సంగతి ఏమైంది?

చిరుగాలి:
పాత చర్చలో ప్రశ్న వేస్తున్నందుకు మన్నించండి. నాదీ ఇదే సమస్య, కానీ నా పేరు పెట్టె మీద మొదటి రోజు నుంచీ పెద్ద అక్షరాలతో ఉంది. అయినా మూడు ఉత్తరాలు వెనక్కి వెళ్లాయి. కారణం ఏమై ఉంటుంది?

నత్తగుల్ల:
పెట్టె మీద రాసింది పాస్‌పోర్టులోని ఇంటిపేరా, అందరూ పిలిచే పేరా?